ఇల్లు మారాలా, రోజూ అప్ అండ్ డౌన్ చేయాలా?

ఉద్యోగం ఒకచోట, ఇల్లు ఇంకోచోట. ఈ ఇబ్బంది మీద ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. అద్దెలు, చార్జీలు ఊరినిబట్టి మారతాయి. కాబట్టి మేం కట్టిన లెక్కల్లో మీ అంకెలు వేసుకుని మళ్లీ ఒకసారి కూడి చూసుకోండి.

ప్రశ్న: నల్లగండ్లలో 26,000 అద్దెకు ఉంటున్నాం, మెయింటెనెన్స్ ఇంకో 3,000. పాప డేకేర్‌కు 9,000. మా ఆయన ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. నాది ఇంటి నుంచే పని. ఘట్‌కేసర్‌లో మామగారి ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉంది. వచ్చేయమంటున్నారు, పాపను అత్తయ్యగారు చూసుకుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటలో వెళ్లిపోవచ్చని మా ఆయన అంటున్నారు. మారమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గంట అన్నది ఔటర్ ఎక్కిన దగ్గర్నుంచి దిగే దాకా పట్టే సమయం. మీరు చూడాల్సింది ఇంటి గుమ్మం నుంచి ఆఫీసులో కుర్చీ దాకా పట్టే సమయం. ఇంటి నుంచి ఘట్‌కేసర్ ఇంటర్‌చేంజ్‌కు పావుగంట. శంషాబాద్ మీదుగా సుమారు 70 కిలోమీటర్లకు 55 నిమిషాలు. దిగాక సిగ్నళ్లు, క్యూ 20 నిమిషాలు. పార్కింగ్, లిఫ్టు 10 నిమిషాలు. మొత్తం గంటా 40 నిమిషాలు, అదీ దారి సాఫీగా ఉన్న రోజున. రానూపోనూ మూడున్నర గంటలు వేసుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. రోజుకు 140 కిలోమీటర్లు. కారు లీటరుకు 15 ఇస్తే తొమ్మిది లీటర్ల పైన పడుతుంది, లీటరు 108 చొప్పున 1,008 రూపాయలు. టోల్ కిలోమీటరుకు రెండున్నర లెక్కన రోజుకు 350. టైర్లు, సర్వీసింగ్, బ్రేకులకు కిలోమీటరుకు మరో రెండున్నర పక్కన పెట్టాలి, అదో 350. చాలామంది ఈ చివరిది కలపరు. నెలకు 13 రోజులు తిరిగినా కారు ఏడాదికి 22,000 కిలోమీటర్ల దగ్గరికి పోతుంది, రెండేళ్లలోపే కొత్త టైర్లు అడుగుతుంది. అన్నీ కలిపితే రోజుకు 1,708 రూపాయలు.

మారితే మీకు మిగిలేది అద్దె, మెయింటెనెన్స్, డేకేర్ కలిపి నెలకు 38,000. మూడు రోజుల లెక్కన 13 రోజులకు ప్రయాణ ఖర్చు 22,200 పోతే చేతిలో 15,800 నిలుస్తుంది. రేపు కంపెనీ ఐదు రోజులూ రమ్మంటే 22 రోజులకు 37,600 అవుతుంది. అప్పుడు మిగిలేది నాలుగు వందలు. ఆ నాలుగు వందలకు ఆయన నెలకు 77 గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి.

అందుకని మీ నిర్ణయమంతా ఆ మూడు రోజుల మీదే ఆధారపడి ఉంది. అది ఆఫర్ లెటర్‌లోగానీ, కంపెనీ పాలసీలోగానీ రాతపూర్వకంగా ఉందా, లేక మేనేజర్ నోటి మాటా? నోటి మాటైతే ఐదు రోజుల లెక్కనే నిజమనుకుని ఆలోచించండి. రాతలో ఉంటే, అత్తయ్యగారి ఆరోగ్యం బాగుంటే, మారడం మంచిదనే మా అభిప్రాయం. పాపకు నానమ్మ తోడు దొరకడం ఏ లెక్కలోనూ వేయలేని లాభం. కానీ పాపను చూసుకునేది ఆవిడ కాబట్టి ముందు ఆవిడనే అడగండి. మీ ఇద్దరి మధ్య తేల్చుకుని ఆవిడకు చెప్పడం కాదు. మీటింగుల వేళల్లో మాత్రమే చూస్తారా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకానా అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

మెట్రోలో పోవచ్చు కదా అని కొందరు అంటారు. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా బస్సు, ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా 50 నిమిషాల మెట్రో, అక్కడ లైను అయిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మళ్లీ షటిలో, ఆటోనో వెతుక్కోవాలి. నడక, ఎదురుచూపులు కలిపితే ఒకవైపే రెండున్నర గంటలు. మెట్రో చార్జీ 2025 మే సవరణ ప్రకారం గరిష్ఠంగా 69 రూపాయలు, కాబట్టి డబ్బు బాగా తగ్గుతుంది. మనిషి మాత్రం అలిసిపోతాడు. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి 2024 మార్చిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది గానీ సర్వీసులు బాగా తక్కువ. మీ ఆయన షిఫ్టుకు సరిపడే రైలు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండువైపులా ఉంటేనే దాని గురించి ఆలోచించండి.

ఔటర్ మీద బైకులకు అనుమతి లేదని మరవకండి. కారు సర్వీసింగ్‌కు వెళ్లిన రోజు బండి మీద పోతానంటే కుదరదు. చలికాలం తెల్లవారుజామున మంచు, రోడ్డు అంచున ఆపి ఉంచిన లారీలు, సాయంత్రం తిరుగు ప్రయాణంలో కునుకు, ఈ మూడే ఆ దారిలో పెద్ద ప్రమాదాలు. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషి చీకట్లో 70 కిలోమీటర్లు నడపడం పొద్దుటి ప్రయాణం లాంటిది కాదు. ఆఫీసు ఏడున్నరకు మొదలుపెట్టి నాలుగింటికి బయటపడే వీలుంటే తప్పక అడగాలి. ఆ మూడు రోజులూ వరసగా పెట్టుకుని, మధ్యలో రెండు రాత్రులు గచ్చిబౌలి వైపు పీజీలో ఉండటం ఇంకో దారి. వారానికి మూడు రాకపోకలు ఒకటవుతాయి. పాప ఆ రెండు రాత్రులూ నాన్న లేకుండా ఉండగలిగితేనే.

ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనరుకు ఇప్పుడే చెప్పకండి. బట్టలు, లాప్‌టాప్‌లు తీసుకుని నెల రోజులు ఘట్‌కేసర్‌లో ఉండండి. ఒక నెల అద్దె వృథా అయినట్టు అనిపిస్తుంది. కానీ సామాను రెండుసార్లు ప్యాకర్స్‌కు ఇచ్చి, మళ్లీ కొత్త ఇంటికి రెండు మూడు నెలల అడ్వాన్సు కట్టడంకన్నా అదే చవక. ఆ నెలలో రోజూ నాలుగు సమయాలు రాసుకోమనండి: గుమ్మం దాటింది, ఔటర్ ఎక్కింది, దిగింది, కుర్చీలో కూర్చుంది. సాయంత్రం కూడా అలాగే. నెలాఖరున సగటు తీయకండి. అన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టి, పదింటిలో ఎనిమిదోది ఎంతో చూడండి. మీ అసలు ప్రయాణ సమయం అదే, దాన్నిబట్టే పొద్దున బయల్దేరాల్సి వస్తుంది. అది రెండు గంటలు దాటితే మారవద్దు.

పన్ను విషయం ఒకటి. ఆయన పాత పన్ను విధానంలో ఉంటే అద్దె మీద వచ్చే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పోతుంది. ఇల్లు మామగారి పేరున ఉంటే ఆయనకు నిజంగానే నెలనెలా బ్యాంకు ద్వారా అద్దె కట్టి మినహాయింపు అడగవచ్చు, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపించాలి. కొత్త విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు, కాబట్టి పోయేదీ లేదు.

ప్రశ్న: నగరం అంచున ఫ్లాట్ చూశాం. మూడేళ్లలో మెట్రో వస్తుంది, ప్రయాణం సగమవుతుందని బిల్డర్ అంటున్నాడు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: రాబోయే మెట్రోను లెక్కలోంచి పూర్తిగా తీసేసి, ఈ రోజు ఉన్న రోడ్డుతో ప్రయాణం భరించగలరా అని చూడండి. భరించగలిగితే కొనండి. రాయదుర్గం నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి ఆ మార్గాన్నే పక్కన పెట్టింది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. దాని పొడవు ఆరు కిలోమీటర్ల చిల్లరే. పూర్తవుతుందని నమ్మి ఇళ్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆ గుంతల్లోనే తిరిగారు. కట్టే కాలంలో దారి ఇప్పటికన్నా ఇరుకవుతుందన్న సంగతి బిల్డర్ చెప్పడు. కొనే ముందు అదే అపార్ట్‌మెంట్‌లోగానీ, పక్క వీధిలోగానీ 11 నెలల అగ్రిమెంటుతో అద్దెకు ఉండి చూడండి. ఒక వానాకాలం అక్కడ గడిస్తే సర్వీసు రోడ్డు మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, అండర్‌పాస్ ఎప్పుడు మూస్తారో తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ను. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన జీవో 317 కేటాయింపుల్లో ములుగు జిల్లాకు వెళ్లాను. ఇల్లు హనుమకొండ. బడి 58 కిలోమీటర్లు, మెయిన్‌రోడ్డు దిగాక లోపలికి ఇంకో ఆరు. మా ఆయన ఉద్యోగం హనుమకొండలోనే. పెద్దబాబు ఇంటర్ మొదటి సంవత్సరం, చిన్నబాబు నాలుగో తరగతి. అందరం ములుగుకు మారిపోదామా? మారితే హెచ్‌ఆర్‌ఏ ఏమైనా తగ్గుతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: హెచ్‌ఆర్‌ఏ మీరు ఎక్కడ ఉంటున్నారన్నదాన్నిబట్టి కాదు, ఎక్కడ పనిచేస్తున్నారన్నదాన్నిబట్టి వస్తుంది. 2020 పీఆర్సీలో (వేతన సవరణలో) గ్రేటర్ హైదరాబాద్‌కు 24 శాతం, ఆ తర్వాత జనాభానుబట్టి 17, 13, 11. ములుగుకు వెళ్లిన రోజే మీ స్లాబు మారిపోయింది. ఇప్పుడు ఇల్లు మార్చినా, మార్చకపోయినా అందులో తేడా రాదు.

ఇంటర్ చదివే పిల్లవాడిని మధ్యలో కదపవద్దు. ఈ రెండేళ్లూ ఇల్లు హనుమకొండలోనే ఉండాలన్నది మా గట్టి మాట. చిన్నబాబు విషయంలో ఇంకో లెక్క ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగాల స్థానికతకు 1 నుంచి 7 దాకా ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. హనుమకొండ భద్రాద్రి జోన్‌లో ఉంటే, ములుగు కాళేశ్వరం జోన్‌లో ఉంది. బాబు ఒకటి నుంచి నాలుగు దాకా హనుమకొండ జిల్లా బడిలోనే చదివి ఈ ఏడాది పూర్తిచేస్తే నాలుగేళ్లు నిండుతాయి, ఆ తర్వాత ఎటు మారినా స్థానికత హనుమకొండే. మూడో తరగతిలో కదిలిస్తే చిక్కు వచ్చేది. ఎప్పుడు మారినా ప్రతి తరగతికీ బోనఫైడ్ తీసి దాచండి, పదేళ్ల తర్వాత ప్రైవేటు బడి మూతపడితే వాటికోసం తిరగలేరు. టీసీ ఒక్కటే సరిపోదు. పాత బడివాళ్లు విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో పేరు డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల జాబితాలోకి) వదిలితేనే కొత్త బడివాళ్లు చేర్చుకోగలరు. వేసవి సెలవులకు ముందే ఆ పని చేయించుకోండి.

ఇదే ఉత్తరం ఆంధ్రకూ తెలంగాణకూ మధ్య మారేవాళ్లు రాసి ఉంటే పెద్దబాబు సంగతే ముందు చెప్పేవాళ్లం. తెలంగాణలో వైద్య విద్య ప్రవేశాలకు 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదవాలని 2024లో నిబంధన వచ్చింది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి తమకు వర్తిస్తాయో లేదో చూసుకోకుండా తొమ్మిదో తరగతి దాటిన పిల్లలను సరిహద్దు దాటించకూడదు.

ఇక మీ రోజువారీ ప్రయాణం. మహిళల ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు చార్జీ లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బు కట్టాలి. అసలు ఇబ్బంది ఆ చివరి ఆరు కిలోమీటర్లు. ఆటో నిండేదాకా కదలదు, మీకేమో తొమ్మిదింటికల్లా యాప్‌లో ముఖం చూపించి హాజరు పడాలి. మెయిన్‌రోడ్డు స్టేజీ దగ్గర తెలిసినవాళ్ల ఇంట్లో ఒక పాత స్కూటీ ఉంచుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. నెలకు వాళ్లకు ఎంతో కొంత ఇవ్వండి, ఊరికే పెట్టుకుంటే మొహమాటం పెరుగుతుంది. సోమవారం స్టార్ట్ కాకపోవడం మామూలే, కాబట్టి శనివారం ఆపేటప్పుడు పెట్రోలు, బ్యాటరీ చూసుకోండి.

నలుగురు టీచర్లు కలిసి కారులో పోయే పద్ధతి కూడా ఉంది. మీ దూరానికి రానూపోనూ 128 కిలోమీటర్లు. లీటరుకు 16 ఇస్తే ఎనిమిది లీటర్లు, 864 రూపాయలు. అరుగుదలకు కిలోమీటరుకు మూడు చొప్పున 384. మొత్తం 1,248, తలకు 312. నెలకు 24 రోజులకు దాదాపు 7,500. కారు ఓనరు పెట్రోలు డబ్బే తీసుకుంటే ఆరు నెలలకు ఆయనే మానేస్తారు, అందుకే అరుగుదల కూడా మొదటి రోజునుంచే పంచుకోవాలి. ఒకరు సెలవు పెట్టినా వాళ్ల వాటా తగ్గదన్న ఒప్పందం ఉంటేనే గొడవలు రావు. తెల్ల నంబర్ ప్లేటు కారులో ఖర్చు పంచుకోవడం వేరు, చార్జీ తీసుకుని జనాన్ని ఎక్కించుకోవడం వేరు. రెండోది చేస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ ఇవ్వననవచ్చు.

పెద్దబాబు ఇంటర్ అయ్యాక మళ్లీ ఆలోచించండి. అప్పటికి బదిలీల షెడ్యూలు కూడా వచ్చి ఉండవచ్చు.

ప్రశ్న: జనగామలో సొంత ఇల్లు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర 28,000 జీతంతో ఉద్యోగం వచ్చింది, తొమ్మిదిన్నరకు ఉండాలి. రోజూ రైల్లో వెళ్లిరావడం అయ్యే పనేనా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: అయ్యే పనే. ఈ జీతానికి నగరంలో తొమ్మిది పదివేల అద్దె పెట్టుకునేకన్నా మొదటి ఏడాది ఇదే మేలు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, మీ దూరం అందులో సగం కాస్త దాటుతుంది. సెకండ్ క్లాస్ నెల పాస్ ఇంచుమించు 15 సింగిల్ టికెట్ల ఖరీదు. మూడు నెలలది నెల పాస్‌కు 2.7 రెట్లు, అది తీసుకుంటే ఇంకొంత మిగులుతుంది. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనంగా సర్‌చార్జి కట్టి పాస్ మీద వేయించుకోవాలి. పాస్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా పడుతుంది. ఇంకా పది రోజుల గడువు ఉండగానే రెన్యువల్ చేయించుకోవచ్చు, ఒకటో తారీఖు క్యూలో నిలబడే పనిలేదు.

రైలు ఎక్కడి దాకా వెళుతుందో చూసుకోవడం మరవకండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కూడా, కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. సికింద్రాబాద్‌లో దిగితే ఈస్ట్ మెట్రో నుంచి ప్యారడైజ్ రెండో స్టేషనే. చర్లపల్లిలో దిగితే మెట్రో లేదు, ఇంకో గంట వేసుకోవాలి. కాబట్టి సికింద్రాబాద్ చేరే రైళ్లు పొద్దున కనీసం రెండు, సాయంత్రం రెండు ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. టైంటేబుల్ సమయం నమ్మకుండా రెండు వారాల పాటు ఫోనులో రన్నింగ్ స్టేటస్ చూస్తూ అసలు చేరిన సమయం రాసుకోండి. స్టేషన్ బయట అవుటర్ సిగ్నల్ దగ్గర రైలు ఇరవై నిమిషాలు ఆగిపోవడం ఉంటుంది, తొమ్మిదింటికి చేరే రైలుతో తొమ్మిదిన్నర ఆఫీసు పట్టుకోలేరు. ఎనిమిదిన్నరకు చేరేది కావాలి. రైళ్లు రద్దయ్యే రాత్రుల కోసం నెలకు రెండు రోజుల హాస్టల్ ఖర్చు విడిగా పెట్టుకోండి. రేపు ఆఫీసు హైటెక్ సిటీకి మారితే ఈ సమాధానం చెల్లదు, అప్పుడు మారాల్సిందే.

ప్రశ్న: నేను గుంటూరులో లెక్చరర్‌ను, మా ఆయనది విజయవాడ ఆటోనగర్‌లో పని. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం. సగం దారని మంగళగిరిలో ఇల్లు తీసుకోమంటున్నారు. ఇద్దరికీ ఇబ్బంది సమానమవుతుందని మావాళ్ల ఆలోచన.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇబ్బంది సమానంగా పంచుకోవడం న్యాయంలా కనిపిస్తుంది గానీ, మేం ఇంకో కొలత చూడమంటాం. ఇంటికొచ్చాక వంట, పిల్లల చదువు ఎవరిమీద పడుతున్నాయో వాళ్ల ప్రయాణం తగ్గాలి. అది మీరే అయితే గుంటూరు వైపు జరగడమే సరైనది. ఆ పనులు ఇద్దరూ నిజంగా పంచుకుంటుంటే మంగళగిరి బాగానే ఉంటుంది.

మంగళగిరి నుంచి విజయవాడకు దూరం తక్కువే, అయినా మీ ఆయన కృష్ణా నది మీది వారధి, బెంజ్ సర్కిల్ రద్దీ దాటాలి. మీకు గుంటూరు వైపు కిలోమీటర్లు ఎక్కువైనా రోడ్డు నడుస్తుంది. కాబట్టి నిమిషాల్లో చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా రాకపోవచ్చు, ఒక మంగళవారం పొద్దున ఇద్దరూ విడివిడిగా వెళ్లి చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో మహిళల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద మీకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం, నాన్‌స్టాప్ సర్వీసుల్లో కాదు. ఎక్స్‌ప్రెస్‌లో నిలబడాల్సి వచ్చే రోజులుంటాయి, ఇల్లు బస్టాండుకు నడిచే దూరంలో చూసుకుంటే ఖాళీ బస్సు వచ్చేదాకా ఆగవచ్చు.

కారు తీస్తే మంగళగిరికీ గుంటూరుకూ మధ్య కాజ టోల్‌గేట్ ఉంది. టోల్‌గేట్‌కు 20 కిలోమీటర్లలోపు ఇల్లున్నవాళ్లకు సొంత కార్లకు నెలవారీ లోకల్ పాస్ ఇస్తారు, చిరునామా రుజువు, ఆర్‌సీ తీసుకెళ్లాలి. 2025లో వచ్చిన ఏడాది ఫాస్టాగ్ పాస్‌లో 200 ట్రిప్పులే ఉంటాయి. రోజుకు రెండు చొప్పున నెలకు 22 రోజులు దాటితే అవి ఐదు నెలలు కూడా రావు, మీకు లోకల్ పాసే చవక. అద్దె అగ్రిమెంటులో మంగళగిరి చిరునామా పడగానే ఆధార్‌లో మార్పించుకోండి, పాస్‌కు అదే అడుగుతారు.